కుడిచెవి గాటు

నాకు అడుగుడు రోగమున్నది. బస్సుల పక్కసీట్ల మనిషి సంచి వట్టుకొని కూసుంటే అండ్ల ఏమున్నదో తెల్సుకునేదాక నా పానం నిలువది. మా అమ్మ తిట్టేది, మా ఆయన తిడ్తడు, మా బిడ్డ రిషిత పదకొండేండ్లకే "అమ్మా, జర ఊకో" అంటది. అయినా నేను అడుగుతనే ఉంట. మొన్నటి వానకాలంల మాత్రం మెదక్ టౌన్ల సగం మందిని అడిగి, మా ఇంట్ల ఒక్క మనిషిని అడుగుడు మరిచిన. గా ముచ్చటనే ఇది.

మా ఆయన పరశురాం పట్నంల ఒక మటన్ దుకాణంల ఎనిమిదేండ్లు కత్తి వట్టిండు. ఎండకాలం పోవుడుతోనే సంచి సదురుకొని మెదక్ వచ్చిండు.

"లచ్చిమీ, మనమే దుకాణం వెడ్దం" అన్నడు.

"ఏం దుకాణం?"

"మటన్ది. కని పట్నం లెక్క గాదు. యాడికెల్లో లారీల వచ్చిన గొర్రె మనకొద్దు. అమ్మ మందల గొర్లు, శంకరంపేట దిక్కు మనోళ్ల గొర్లు, గంతే. పొద్దుకు ఒక్కటే కోస్త. అది తలకాయకెల్లి తోకదాక అమ్ముడువోయినంకనే ఇంకోటి."

"అమ్ముడువోకుంటే?"

"పోతది."

"పోకుంటే?"

"నీ నోట్లకెల్లి ఒక్క మంచి మాట రాదా?" అని చెప్పులేసుకొని బయటికి వోయిండు.

బస్టాండు ఎనక సందుల దుకాణానికి ఒక మల్గి కిరాయికి దొరికింది. ఇగ గొర్లకోసం శంకరంపేట అవుతల మా ఊరికి వోయినం. మా మామ ఐలయ్య పోయి మూడేండ్లాయె. అప్పటిసంది అరవై గొర్ల మందను మా అత్తమ్మ ఐలవ్వనే కాస్తుంది. అరవై దాటినయి ఆమెకు, మోకాళ్లు నొస్తయి, అయినా పొద్దున గొంగడేసుకొని మంద ఎంబడి వోతే మళ్ల మాపటికే ఇల్లు.

అత్తమ్మ కొడుకు మాట మొత్తం ఇన్నది. "మనం కాసేటోళ్లం బిడ్డా, కోసేటోళ్లం గాదు" అన్నది.

"అమ్మా, దలారికి అమ్మితే వాడు మాత్రం పూజ జేస్తడా?"

"దలారికి అమ్మితే దానికి ఏమైతదో నాకు తెల్వది. నీకిస్తే తెలుస్తది. గదే నాకు కష్టం." గొంగడి దులిపి భుజాన ఏసుకున్నది. "ఇస్త. కని ఒక్క మాట. నా గొర్రెల ఒక్క ముక్క పెంటల వడ్డదని తెల్సిందా, గా దినమే దలారిని పిలుస్త. మందంత గుత్తకు అమ్మేసి మీ ఇంట్లకొచ్చి టీవీ ముందల కూసుంట."

అత్తమ్మకు టీవీ ముందల కూసునుడంటే జైలుకు వోవుడే. మందలేని ఐలవ్వను నేనైతే మనసుల గూడ అనుకోలేను. మా ఆయన ఆమె చేతుల చెయ్యేసి ఒట్టు వెట్టిండు. నేను గూడ తలకాయ ఊపిన. ఊపిన సంగతి మంచిగ యాదికున్నది.

ఆషాఢంల మొదటి ఆదివారం దుకాణం తెరిచినం. "ఆషాఢంల ఎవడన్న దుకాణం తెరుస్తడా" అని మా వాడకట్టోళ్లు నోరు నొక్కుకున్నరు. బోనాల నెల తిననోడు మళ్లెప్పుడు తింటడని మా ఆయన లెక్క. కోతకు ముల్లా మహబూబ్ సాబ్ వచ్చిండు. మా దిక్కు గొర్రె మెడ మీద కత్తి వెట్టేది సాబే, తాతల కాలం సంది. కోసినంక పని మా ఆయనది. కొక్కానికి యాలాడదీసి తోలు గుంజుతుంటే అంగి ఇప్పినట్టే వచ్చింది. నేను పక్కకు స్టూలేసుకొని కూసున్న.

"గిదేంది, నల్లగ నాలుక లెక్క?"

"తిల్లి. సదువుకున్నోళ్లు ప్లీహం అంటరు."

"ఏం పనిజేస్తది?"

"నన్నడుగుతవేందే, గొర్రెనడుగు."

కార్జం, గుండెకాయ, చిక్కుడుగింజల లెక్క గుర్దాలు, పేగుల బోటి, భేజా, నాలుక, కాళ్ల పాయ. ఇన్నేండ్లు వండినదాన్నే, కని ఒక్కొక్కటి ఏడికెల్లి వస్తదో, ఏది దేనికి అతుక్కొని ఉంటదో అప్పటిదాక తెల్వకపాయె. నెత్తురు గూడ గిన్నెల వట్టి పక్కకు వెట్టిండు. గడ్డగట్టినంక ఉల్లిగడ్డేసి వేపితే దాన్ని మా దిక్కు నల్ల అంటరు. నేను నోరు తెరుచుకొని సూస్తనే ఉన్న.

మొదలు వచ్చిన గిరాకీ ఎలిశిబా టీచరమ్మ. బడికెల్లి రిటైరై నాలుగేండ్లాయె, ఒక్కతే ఉంటది. చర్చికి వోవుకుంట బోర్డు సూసి ఆగింది.

"తిల్లి ఉన్నదా?" అన్నది.

మేమిద్దరం మొకాలు సూసుకున్నం. మొదటి గిరాకీ తిల్లి అడుగుతదని ఎవలనుకుంటరు! కాయిదంల సుట్టి ఇస్తే దాన్ని ముక్కుకాడ వెట్టుకొని, "పదేండ్లాయె నాయినా గిది దొరకక. ఏ దుకాణంల అడిగినా నవ్వుతరు" అనుకుంట పోయింది.

రెండో గిరాకీ రంజిత్ పటేలు. ప్లాట్ల దందా, తెల్ల కారు, ముప్పయ్యేండ్లు గూడ ఉండయి.

"బోన్‌లెస్ కిలనర. తొడది."

"పటేలా, మా దగ్గర గట్లియ్యం. జర బొక్క, జర కార్జం కలిపి తీస్కో, మంచిగుంటది" అన్నడు మా ఆయన.

"గవన్ని ఎవలు తింటరన్నా? మీరే తినుండ్రి" అని నవ్విండు. నవ్వుకుంటనే నా దిక్కు తిరిగి, "అక్కా, గట్లయితే మీ దుకాణం నడువది" అన్నడు. మొదటిదినం గిరాకీని మర్లగొట్టబుద్ధిగాక మా ఆయన తొడకూర కోసిచ్చిండు.

బోనాల నెల ఎట్లనో గడిచింది. శ్రావణం వచ్చింది, మా మెడకు సుట్టుకున్నది. సోమారం తినరు, శుక్రారం తినరు, శనారం తినరు. తినేటోళ్లు పొద్దున్నే వచ్చి తొడ, పక్కబొక్కల చాపు తీస్కపోతరు. మాపటికి కూర గొట్టే మొద్దు మీద తలకాయ, కాళ్లు, బోటి మమ్ముల సూస్తుంటయి. అన్ని ఇంటికే. మంగళారం బోటి, బుధారం పాయ, బేస్తారం తలకాయ, మళ్ల బోటి. నా చేతులకు సబ్బు రాసినా వాసన వోకపాయె.

"అమ్మా, నేను డబ్బ మూత తీసుడుతోనే మా దోస్తులు లేసిపోతున్నరు" అని రిషిత ఏడ్చింది.

దీనికితోడు అత్తమ్మ ఫోను. దినాం పొద్దుగూకంగ ఫోన్ జేసి ఒక్కొక్కటి అడుగుతది. కార్జం ఎవలకు వోయింది? పాయ ఎవలు తీస్కున్నరు? నాది రోగమైతే ఆమెది నా రోగానికి అమ్మ. మేము తింటిమంటే, "తినుండ్రి, తినుండ్రి, పారెయ్యకుండ్రి" అంటది.

ఒక శనారం మా ఆయన గొర్లు సూడనీకి రేగోడ్ దిక్కు వోయిండు. పొద్దంత కూసుంటే ముగ్గురు వచ్చిండ్రు. ఫ్రిజ్ నిండిపోయింది. ముందుదినం తలకాయ, నాలుగు కాళ్లు, ఇంక కాల్చనే లేదు, వాసన మొదలైతుండె. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఎవల మీదనో తెల్వని కోపం. గవి నల్ల కవర్ల గట్టి సందు మూలకు చెత్తబండి వచ్చే కాడ వెట్టొచ్చిన. చేతులు కడుక్కుంటుంటేనే ఫోనొచ్చింది.

"తలకాయ ఎవలకు వోయిందే?"

"ఎలిశిబా టీచరమ్మ తీస్కపోయింది అత్తమ్మ."

"కాళ్లు?"

"గవి గూడ."

"అబ్బ! ఆ తల్లి సల్లగుండాలె" అన్నది అత్తమ్మ.

నేను చేతులు మళ్ల సబ్బువెట్టి కడిగిన.

తెల్లారి ఆదివారం. ఆదివారమొక్కటే మాకు గిరాకీ. దుకాణం ముందల ఐదారుగురు నిలవడ్డరు, రంజిత్ పటేలు గూడ ఉన్నడు. ట్రాలీ ఆటోల రెండు పొట్టేళ్లనేసుకొని అత్తమ్మ వచ్చింది. సందు మొగదల ఆటో ఆగింది. ఆగినంక ఆమె ఎంతసేపటికీ వస్తలేదు. కుక్కలు మొరిగినట్టు ఇనవడ్డది, "థూ, నీయవ్వ, ఇడువ్" అని అత్తమ్మ గొంతు ఇనవడ్డది.

అత్తమ్మ నడుసుకుంట వచ్చింది. చేతుల తలకాయ. ఒక దవడ కుక్క కొరికింది. తెచ్చి మొద్దు మీద వెట్టింది. మన్ను తుడిసి చెవి నిలవెట్టి సూసింది.

"కుడిచెవికి రెండు గాట్లు. మనదేనాయె" అన్నది.

గంతే. గా రెండు గాట్లు మా మామ వెట్టిన గుర్తు. పిల్ల పుట్టిన నెల దినాలకు చెవి అంచుకు చిన్న చాకుతోని రెండు గాట్లు వెడ్తుండె, ఆయన పోయినంక అత్తమ్మ వెడ్తుంది. నాలుగు మందలు కలిసినా మా గొర్రె మాకు దొరుకుతది. దొరికింది.

మా ఆయన నా దిక్కు సూసిండు. నేను మొద్దు దిక్కు సూసిన. అత్తమ్మ గడ్డపార అడిగి తీస్కొని, దుకాణం ఎనక గుంత తవ్వి తలకాయను బొందవెట్టింది. చేతులు కడుక్కొని వచ్చి, "దలారికి ఫోన్ కల్పి ఇయ్యి" అని కొడుకుకు ఫోనిచ్చింది. దసరా ముందల రేటు వస్తది, పెద్దలకు వెట్టే పెత్రమాస అమాస దాటినంక వచ్చి మంద సూస్తనన్నడట దలారి. "అప్పటిదాక దుకాణానికి ఇచ్చేటియి ఇస్త" అన్నది అత్తమ్మ. నన్ను ఒక్క మాట అనలే. తిట్టినా మంచిగుండు, కొట్టినా మంచిగుండు.

మా ఆయన నాలుగు దినాలు మాట్లాడలే. ఐదో దినం అన్నం కాడ, "నాకు చెప్తే నేనే తింటుంటి గద లచ్చిమీ" అన్నడు. నేను పళ్లెం ముందల కూసొని ఎక్కెక్కి ఏడ్చిన.

ఎలిశిబా టీచరమ్మ తిల్లికి వచ్చినప్పుడు ఆమెకు గూడ చెప్పేసిన. "మీ పేరు మీద అబద్ధమాడిన టీచరమ్మ. తలకాయ మీరు తీస్కపోయిండ్రన్న."

"ఓసి! అయితే మీ అత్త నన్ను దీవించింది గూడ, తలకాయ తినకనే!" అని నవ్వింది. గంత కష్టంల గూడ నా రోగం నన్ను ఇడువలే.

"టీచరమ్మా, ఊరంత బోన్‌లెస్ అంటది. మీరొక్కరే ఎందుకు తిల్లి అడుగుతరు?"

"నాకు తిల్లి ఇష్టమేం గాదు యాదలక్ష్మీ" అన్నది. "మా నాయిన యోసేపుకు ఇష్టం. నిప్పుల మీద కాల్చి, ఉప్పు కారం రాసి, సగం నాకు వెడ్తుండె. తింటుంటే పక్కన కూసున్నట్టుంటడు."

ఆమె వోయినంక నేను అక్కడనే కూసున్న. పెత్రమాసకు ఇంక నెల దినాలున్నది. పెత్రమాసకు మా దిక్కు పోయినోళ్లకు వాళ్లకు ఇష్టమైనయి వండి వెడ్తరు. కల్లు తాగేటోళ్లకు కల్లు, సుట్ట తాగేటోళ్లకు సుట్ట. మరి గా పోయినోళ్లు, మన తాతలు, అవ్వలు, బోన్‌లెస్ తిన్నోళ్లేనా?

తెల్లారి రంజిత్ పటేలే దొరికిండు.

"పటేలా, ఒక్క మాట అడుగుత. పెత్రమాసకు మీ తాతకు ఏం వెడ్తరు?"

"ఏమున్నదక్కా, మటన్ ఫ్రై. బోన్‌లెస్."

"మీ తాత బోన్‌లెస్ తింటుండెనా?"

ఫోన్ తీసి వాళ్ల అమ్మ లలితమ్మకు కలిపిండు. "అమ్మా, తాత మటన్ల ఏం తింటుండె? ... ఆఁ? తలకాయనా? ... నాలుక ఆయనకే వెయ్యాల్నా? ... వెయ్యకుంటే పీట మీదికెల్లి లేస్తుండెనా?" ఎనక నిలవడ్డోళ్లంత నవ్వవట్టిరి. ఆయన గూడ నవ్విండు, నవ్వి కండ్లు తుడుసుకున్నడు. "అక్కా, పెత్రమాసకు నాకొక తలకాయ. నాలుక పోనియ్యకు" అన్నడు.

రిషితను పిలిచి సుద్దముక్క ఇచ్చిన. దుకాణం గోడ మీద రాసింది: తలకాయ, నర్సింహారెడ్డి పటేలు.

గప్పటిసంది వచ్చినోళ్లను వచ్చినట్టు అడుగుడే. "మీ అవ్వ ఏం తింటుండె? మీ నాయినకు ఏది ఇష్టం?" కొందరు గుర్రుమన్నరు. కొందరు ఠక్కున చెప్పిండ్రు. చానమంది పైస ఇచ్చుడు మరిచి ఫోన్లు కల్పిండ్రు, మేనత్తలను అడిగిండ్రు. మల్లేశ్ అని ఆటో నడిపే పిలగాడు, వాళ్ల నాయినకు ఏమిష్టమో ఇంట్ల ఎవలకు తెల్వదని నర్సాపూర్ల పెద్దనాయిన దగ్గరికి వోయి అడిగొచ్చిండు. "గుర్దాలట అక్కా! గుర్దాలు!" అని సందు మొగదలకెల్లే మొత్తుకున్నడు. గోడ నిండుతుండె. పాయ, గాలవ్వ. నల్ల, పోచయ్య. కార్జం, సత్తెమ్మ. బోటి, బాలయ్య. మటన్ కొననోళ్లు గూడ గోడ సదవనీకి వస్తున్నరు.

పెత్రమాస నాడు ఏడు గొర్లు కోసినం. ఏడూ అత్తమ్మ మందలయే. వారం ముందలనే ఫోన్ల మా ఆయన లెక్క చెప్తే, "ఏడా?" అని ఒక్క మాట అడిగింది, పొద్దుపొడువకముందే తెచ్చింది. దుకాణం ఎనక గోడకు ఒరిగి కూసున్నది. సదువురాదు. మనవరాలిని పిలిచి, "గా గోడ మీద ఏం రాసిండ్రో సదువు" అన్నది. రిషిత సదువుతుంటే కండ్లు మూసుకొని ఇన్నది.

"ఇంక?" 

"ఇంక పాయ, ఎల్లవ్వ."

"ఇంక?"

పన్నెండు గొట్టేవరకు నెత్తురు బొట్టుతో సహా అన్ని వోయినయి. కార్జం ముక్కలు ముక్కలు జేసి పంచినం. పేగు మిగలలే. మిగిలింది తొడకూర! మా ఆయన తల గోక్కుంట నిలవడ్డడు. "ఎనిమిదేండ్లు కత్తి వట్టిన గని, తొడ మిగిలిన దినం సూడలే" అన్నడు.

ఆఖరుకు రంజిత్ పటేలు వచ్చిండు. ఆఖరి తలకాయ ఆయనదే. మంచిగ కాల్చి, గీకి, కవర్ల వెట్టిచ్చిన. గోడ మీద ఆయన తాత పేరు పక్కన రిషిత టిక్కు గొట్టింది. "అయిపోయింది నాయినమ్మా, అందరియి అయినయి" అన్నది.

నేను గోడ దిక్కు సూసిన. మీదికెల్లి కిందిదాక సదివిన. అన్ని పేర్లున్నయి. ఐలయ్య పేరు లేదు.

నెల దినాలు తెల్వనోళ్లను గూడ ఆపి ఆపి అడిగిన. దినాం ఫోన్ల మాట్లాడే అత్తను అడగలే. మొకం చెల్లక అడగలేనో, మరిచిన్నో, ఇప్పటికీ తెల్వది.

ఆమె ముందల వోయి కూసున్న. "అత్తమ్మా, మామకు ఏమిష్టం?"

అత్తమ్మ కొంగుతోని మొకం తుడుసుకున్నది. "తలకాయనే" అన్నది. "కాల్చినంక చెవులు కటకట కొరుకుతుండె. ఎవలకు ఇయ్యకపోతుండె. గాటు వెట్టినోడే తినాలంటుండె."

నాకు గుంత తవ్విన జాగ కనవడ్డది. ఆడ అప్పటికే గడ్డి మొలిచింది.

పటేలు ఇంక పోలే, ఇన్నడు. కవరు ముందలికి సాపి, "అవ్వా, ఇది నువ్వు తీస్కో" అన్నడు.

"వద్దు బిడ్డా. గోడ మీద మీ తాత పేరు రాసున్నది. పో, జల్ది తీస్కపో, పీట మీదికెల్లి లేస్తడు."

గా దినం మా మామకు తొడకూర వండి వెట్టినం. బొక్క ఒక్కటి లేదు. ఇస్తారి ముందల కూసొని అత్తమ్మ ఉన్నట్టుండి నవ్వవట్టె. "పుట్టి బుద్ధెరిగినంక మొదటిపారి బొక్క లేని కూర తింటుండు. పండ్లల్ల ఏం ఇరుకుతలేదని పరేషానైతుండొచ్చు" అన్నది. మా ఆయన నవ్విండు, రిషిత నవ్వింది. నేను గూడ నవ్విన, నవ్వుకుంటనే, "అత్తమ్మా, గా తలకాయ నేను..." అని మొదలువెట్టిన.

"తెల్సు. తిను" అన్నది.

తెల్లారి మొదటి బస్సుకే అత్తమ్మ ఊరికి వోయింది. రెండు దినాలు ఫోన్ లేదు. మూడోదినం నాకు ఆగలే. దుకాణం మా ఆయనకు ఇడిచి ఊరికి వోయిన. దొడ్లె మంద ఉన్నదా లేదా అనే బస్సు దిగినకాడికెల్లి ఒక్కటే గుబులు. ఇంటి ఎనకకు తిరగంగనే గొర్ల అరుపు ఇనవడ్డది. అత్తమ్మ దొడ్లె కూసున్నది, ఒళ్లె గొర్రెపిల్ల.

"దలారి రాలేదా?"

"వచ్చిండు. చాయి తాగి పోయిండు" అన్నది.

ఇంకేం అడగాల్నో తెల్వలే. నాకు! అడుగుడు రోగమున్న నాకు. అత్తమ్మ ముందల చిన్న చాకు, ఆకుల పసుపు ఉన్నయి. ఈ వానకాలం పుట్టిన పిల్లలు పదకొండు. ఇంక దేనికీ గాటు వెట్టలే.

"కూసో" అన్నది. చాకు నా చేతుల వెట్టింది. "నువ్వే వెట్టు. నీ చేతి గాటైతే నీకు యాదుంటది."

పిల్లను ఒళ్లె వట్టుకున్న. కుడిచెవి వేలు మీద వెట్టుకుంటే పల్చగ, ఎచ్చగ ఉన్నది, ఎండల పట్టి సూస్తే సన్న నరాలు కనవడుతున్నయి.

"అత్తమ్మా, నొస్తదా?"

"దేనికి? దానికా, నీకా?"

నేను రెండు గాట్లు వెట్టిన. పిల్ల ఒక్కపారి బెదిరి అరిచింది, పసుపు అద్దంగనే దుంకి తల్లి కాడికి వోయింది. అత్తమ్మ దాని చెవి దూరంకెల్లి సూసి, రెండోదాన్ని నా ఒళ్లె వెట్టింది.